నలిగిన నిమ్మకాయ, కరిగిన ఉప్పు

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికి ఒక కోట. కోటకు ఒక పెద్ద తలుపు. న్యాయం ఆ తలుపు అవతల ఉండేది, జనం ఇవతల ఉండేవారు.

ఆ రాజ్యంలో సముద్రపు ఒడ్డున ఉప్పు పండించే పల్లె ఒకటి ఉంది. ఎండాకాలమంతా అక్కడివాళ్ళు మడుల్లో నిలబడి, పాదాలు పగిలి, కళ్ళు మండి ఉప్పు తీసేవారు. కొండమీది సంతలో ఆ ఉప్పుకు మంచి గిరాకీ. కాని బండి లేదు. తలమీద గంపతో ఎంతని మోస్తారు? మిగిలిన రాశులు తొలకరికి కరిగి మళ్ళీ సముద్రంలోకే పోయేవి.

ఒక ఏడు పల్లె అంతా ఒక్క మాటమీదికి వచ్చింది. ఇంట్లో ఉన్న ఇత్తడి బిందె, ఒంటిమీద ఉన్న వెండి మురుగు తెచ్చి, పల్లెలో ఎడ్లున్న గంగులు ముందు పోశారు.

"ఈ ఏడు మన ఉప్పు సముద్రానికి ఇచ్చేది లేదు. వానలకు ముందే బండి తేవాలి గంగులూ," అన్నారు.

గంగులు తన ఎడ్లు మైలణ్ణి, పుల్లణ్ణి తోలుకుని పట్నం వెళ్ళాడు.

పట్నంలో బండ్లు అమ్మేవాడు భోగలింగం. అతని దుకాణం ముందు ఒక బండి మెరుస్తూ నిలబడి ఉంది. నొగ మీద హంస ముద్ర. వాన చుక్క దూరని వెదురు గూడు. దిగుడులో చక్రాన్ని పట్టి ఆపే అడ్డుకట్టె. చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర ఇనప సీలలు.

"ఇదేనా అయ్యా నాకిచ్చేది?" అని అడిగాడు గంగులు.

"ఇదే అనుకో," అన్నాడు భోగలింగం.

ఆ మాట దగ్గరే ఆగాల్సింది. గంగులు ఆగలేదు.

లేఖకుడు ఆ హంస బండినే చూస్తూ అమ్మకం పత్రం రాశాడు. పత్రం చేతికి రాగానే పెరట్లోంచి ఒక బండి లాక్కొచ్చారు. నొగ నుంచి చక్రాల దాకా బంతిపూల దండల్లో మునిగి ఉంది.

"మరి గూడేదయ్యా?"

"రంగు ఆరుతోంది. నీ వెనకాలే పంపిస్తాను. కొత్తబండి తోలుకెళ్తూ శుభమా అని అనుమానాలేమిటయ్యా!"

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆ పట్నంలో ఒక వాడుక ఉంది. నిమ్మకాయ నలిగిందంటే, కొన్నవాడు బండిని సరిచూసుకున్నట్టే. గంగులు కళ్ళలో ఆనందంతో నీళ్ళు నిండి ఉన్నాయి. వంగి చూడలేదు. ఎడ్లను అదిలించాడు. నిమ్మకాయలు నలిగాయి. భోగలింగం చప్పట్లు కొట్టాడు.

"పువ్వులు ఎక్కువైన చోట బండి తక్కువైంది చూశావా?" అన్నాడు మైలడు. ముసలి ఎద్దు. చాలా బండ్లు లాగినవాడు.

"చెప్పొచ్చు కదా తాతా!" అన్నాడు పుల్లడు.

"మన మాట వింటే వాళ్ళు మనుషులెందుకవుతారు?"

పట్నం పొలిమేరలో సుంకం కాపలావాడు పత్రం చూశాడు, దండ పక్కకు జరిపి నొగ చూశాడు.

"పత్రంలో హంస ఉంది. నీ బండికి తేలు ముద్ర ఉంది. ఎక్కడ కొట్టేశావు?"

గంగులు బండి దిగాడు. దండలన్నీ తీసి చూశాడు. అడ్డుకట్టె లేదు. ఇనప సీలలు ఉండాల్సిన చోట కర్రముక్కలు దిగ్గొట్టి ఉన్నాయి.

"పత్రం దిద్దించుకునిరా. అప్పుడు వదులుతాను," అన్నాడు కాపలావాడు.

గంగులు వెనక్కి వచ్చాడు. భోగలింగం మజ్జిగ ఇప్పించాడు. "అయ్యో, లేఖకుడి పొరపాటు. వాణ్ణే అడుగు," అన్నాడు. లేఖకుడు తల ఎత్తకుండా, "ఆయన చూపించిందే రాశాను. దిద్దాలంటే ఆయనే వచ్చి చెప్పాలి," అన్నాడు.

తూర్పున మబ్బు పట్టింది. గంగులు మళ్ళీ వెళ్ళాడు. ఈసారి మజ్జిగ లేదు. "లేఖకుడు పెళ్ళికి వెళ్ళాడు. గూడు చేసేవాడికి జ్వరం. సీలలు కమ్మరి కొలిమిలో ఉన్నాయి. నన్నేం చెయ్యమంటావు?"

గాలి తిరిగింది. మూడోసారి వెళ్ళాడు. ఈసారి గడప కూడా తొక్కనివ్వలేదు.

"నిమ్మకాయ తొక్కించావా, లేదా? తొక్కించావు. ఇక బండి నీది, బాధ నీది. ఉప్పు మడుల్లో పొర్లేవాడివి, నువ్వా నాకు నీతి చెప్పేది?"

గంగులు కోట తలుపు కొట్టాడు. రాజుగారు వేటకు వెళ్ళారన్నారు. మళ్ళీ కొట్టాడు. వేటనుంచి వచ్చి అలసిపోయారన్నారు. అతను తలుపు దగ్గరే కూర్చున్నాడు. వాన మొదలైంది.

ఆ వానలో అతని భార్య నూకాలు నడిచి వచ్చింది. చీరంతా తడిసి ముద్దయింది.

"రాశులమీద తాటాకులు కప్పాం. చాలలేదు. మన ఇంటి కప్పు పీకి కప్పాను. అదీ చాలలేదు."

"ఎంత మిగిలింది?"

నూకాలు అరచేయి చాచింది. అందులో ఏమీ లేదు, తడి తప్ప.

ఆమె ఏడవలేదు. వంగి బండి కిందికి చూసింది. ఎవరూ చూడని చోటల్లా చూసింది. లేచి, "పద లోపలికి," అంది.

అప్పటికి తలుపు తెరిచారు. రాజు కొలువుతీరాడు. పిలిపిస్తే వచ్చిన భోగలింగం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మహాప్రభూ, నిమ్మకాయ నలిగింది. ఊరంతా చూసింది. వాడుక తమకు తెలియనిది కాదు."

రాజు తల ఊపాడు. ఎప్పుడూ వాడుకకే తల ఊపేవాడు. తేలిక కదా!

నూకాలు ముందుకొచ్చింది. "బండి బాగుందంటావా అయ్యా?"

"దివ్యంగా ఉంది."

"అయితే ఎక్కు. కోట దిగుడు ఎదురుగానే ఉంది, వానకి చక్కగా జారుతోంది. మా ఆయన పగ్గాలు పడతాడు. చక్రాలకు కర్రముక్కలున్నాయి, అడ్డుకట్టె లేదు. అయినా దివ్యమైన బండి కదా! కావాలంటే చక్రం కింద ఇంకో నిమ్మకాయ పెడతాను."

కొలువంతా గొల్లున నవ్వింది. రాజు కూడా నవ్వాడు. "బాగుంది. ఎక్కు భోగలింగం," అన్నాడు.

భోగలింగం దిగుడు చూశాడు. బండి చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"ప్రభూ, అసలు ఈ బండి నాది కాదు! నేను అమ్మింది హంస ముద్ర బండి. పత్రం చూడండి!"

"విన్నారుగా స్వామీ," అంది నూకాలు. "ఆయన అమ్మింది హంస బండేనట. మాకూ అదే కావాలి. ఇప్పించండి."

 

దుకాణం ముందున్న హంస బండిని అప్పటికప్పుడు తెప్పించి గంగులుకు ఇప్పించాడు రాజు. మీసం దువ్వుకుంటూ, "చూశారా, మా రాజ్యంలో న్యాయం ఎలా ఉంటుందో!" అన్నాడు.

"చూశాం స్వామీ. మరి మా ఉప్పు?"

"ఉప్పు కరిగితే నేనేం చెయ్యను? వాన నా ఏలుబడిలో లేదు."

"వాన లేదు. తలుపు ఉంది," అంది నూకాలు.

రాజు ముఖం తిప్పుకున్నాడు.  

ఇద్దరూ బండెక్కి ఊరిదారి పట్టారు. వెదురు గూడు మీద వాన పడుతోంది. లోపల ఒక్క చుక్క దిగలేదు. తడవడానికి లోపల ఏముంది గనక!

"తాతా, ఖాళీ బండి ఇంత బరువుందేమిటి?" అన్నాడు పుల్లడు.

మైలడు కాడి సర్దుకున్నాడు. "పల్లె మొత్తం ఎక్కి కూర్చుందిరా," అన్నాడు.

భోగలింగం మర్నాడే దుకాణం ముందు ఇంకో బండి నిలబెట్టాడు. దానికి నెమలి ముద్ర. అది కూడా మెరుస్తూనే ఉంది.

అందుకే పిల్లలూ, నిమ్మకాయ నలగకముందే వంగి చూడండి, మోసపోతే నోరు మూసుకుని మాత్రం తిరిగి రాకండి. కాని ఒకటి గుర్తుపెట్టుకోండి, ఆలస్యంగా గెలిచిన నిజం ఖాళీ బండితోనే ఇంటికి వస్తుంది.