బ్రేకు మీద ఎడమ కాలు

రాహేలమ్మ గారి షెడ్డులో ఒక పద్ధతి ఉంది. బండి బాగాలేదని ఎవరొచ్చినా ఆవిడ ముందుగా బానెట్ ఎత్తదు. వెనక సీట్లో కూర్చుని, "ఏదీ, కాస్త తోలండి" అంటుంది. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాక, ఒంగోలు శివార్లలో గ్రానైటు ఫ్యాక్టరీల దారిన రేకుల షెడ్డు వేసి ఆడపిల్లలకు మెకానిక్ పని నేర్పుతోంది. వాళ్ళలో శిరోమణికి నోరెక్కువ, ఓపిక తక్కువ. ఒకరోజు అడిగింది: "చదువుకుని, సంపాదించుకునే ఆడవాళ్ళు కూడా మొగుడంటే అంత వణుకుతారెందుకు టీచరమ్మా? ఫో అని ఒక్క మాట అనలేరా?"

రాహేలమ్మ తల తిప్పకుండా, "ఆ చక్రం బిగించడం అయిందా?" అంది.

ఆ వారమే హైమావతి వచ్చింది. అద్దంకి కాలేజీలో లెక్చరరు. గేర్లు మార్చే, క్లచ్చి తొక్కే పనిలేని పాత కారు. అది పెట్రోలు విపరీతంగా తాగుతోంది. రాహేలమ్మ బజారుకి వెళ్ళి ఉండటంతో కారు శిరోమణి చేతికొచ్చింది.

హైమావతి భర్త మురళీధర్ చాలా మంచివాడని వాళ్ళ వీధంతా అంటుంది. వీధివాళ్ళెవరూ ఆ కారులో ఆయన పక్కన కూర్చున్నవాళ్ళు కాదు. ఆయన చెయ్యెత్తడు. గొంతు పెంచడు, తగ్గిస్తాడు. ఆ తగ్గించిన గొంతుతోనే అడిగాడట: "ఆదివారం నేను తోలితే మామూలుగానే తాగుతుంది. నువ్వు తోలితేనే ఎక్కువ తాగుతుందేం హైమా? కిలోమీటర్ల మీటరు ఆపించి ఎక్కడెక్కడికి పోయొస్తున్నావ్?" కారులో లోపం ఉంటే సరే. లేదంటే తాళాలు ఆయన చేతికిచ్చి ఉద్యోగం మానెయ్యాలి. ఏ సంగతో సాయంత్రం ఆయనే వచ్చి తెలుసుకుంటానన్నాడు.

శిరోమణి ప్లగ్గులు విప్పి చూసింది. బాగున్నాయి. టైర్లలో గాలి బాగుంది. ఎక్కడా పెట్రోలు కారడం లేదు. ఎయిర్ ఫిల్టరు కొత్తదిలా ఉంది. బాగుందన్న ప్రతిసారీ హైమావతి మొహం పాలిపోతోంది. చివరికి ఆమె శిరోమణి చెయ్యి పట్టుకుంది.

"ఏదో ఒకటి పాడైందని చెప్పమ్మా. నీకు పుణ్యముంటుంది."

శిరోమణి ఇక ఆలోచించలేదు. శుభ్రంగా ఉన్న ఫిల్టరు తీసుకెళ్ళి నేలమీది గ్రానైటు దుమ్ములో పొర్లించబోయింది. అంతలో వెనక నుంచి ఒక చెయ్యి దాన్ని లాక్కుంది.

"ఇవాళ్టికి సరిపోతుంది," అంది రాహేలమ్మ. "వచ్చే వారం దేన్ని పొర్లిస్తావ్?"

ఫిల్టరు దాని చోట పెట్టించి, వెనక సీట్లో కూర్చుని, "తోలమ్మా" అంది. శిరోమణి ముందు, హైమావతి పక్కన కూర్చుంది.

హైమావతి జాగ్రత్తగానే తోలుతోంది. దారి ఖాళీగా ఉంది. అయినా కారు ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు మూలుగుతూ పోతోంది. ఇంతలో ఆమె ఫోను మోగింది. తెరమీద మురళీధర్ పేరు. ఆమె ఫోను ముట్టుకోలేదు. కారు మాత్రం ముందుకు తూలి, మెల్లగా అయి, ఇంకా గట్టిగా మూలిగింది. శిరోమణి కిందకు చూసింది. కుడి కాలు యాక్సిలరేటరు తొక్కుతోంది. ఆ బండిలో ఏ పనీ లేని ఎడమ కాలు బ్రేకు మీద ఉంది.

"ఆపమ్మా," అంది రాహేలమ్మ. దిగి చక్రం దగ్గరికి తీసుకెళ్ళింది. కాలిన వాసన. హైమావతి దగ్గరగా చాపిన చెయ్యి సెగకి వెనక్కి వచ్చేసింది. "మీ ఆయన అడిగిన పెట్రోలు ఇదిగో, ఇక్కడ కాలిపోతోంది. ఆ కాలు అక్కడ పెట్టమని ఎవరు నేర్పారు?"

హైమావతి తన ఎడమ కాలి వైపు చూసుకుంది. "నేర్చుకునేటప్పుడు ఆయన పక్కన కూర్చునేవారు. 'ఒక కాలు ఎప్పుడూ బ్రేకు మీదే ఉండాలి హైమా, నిన్ను నమ్మలేం' అనేవారు. ఇప్పుడు కాలు అక్కడుందని కూడా నాకు తెలీదండీ."

"ఆ ఎడమ కాలు సీటు కిందకి మడిచి పెట్టుకో. అక్కణ్ణుంచి తియ్యకు."

సాయంత్రం మురళీధర్ ఆటోలో వచ్చాడు. నవ్వుతూ నమస్కారం పెట్టాడు. "ఏం తేలింది మేడమ్ గారూ?"

"బండి మంచిదే. తోలినంతసేపూ బ్రేకు తొక్కి ఉంటోంది."

"అంటే లోపం మా ఆవిడదేనన్నమాట."

"ఆవిడకి నేర్పినవాళ్ళది."

ఆయన నవ్వు చెక్కుచెదరలేదు, గొంతు మాత్రం తగ్గింది. "తాళాలియ్యి హైమా. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

చాచిన చెయ్యి అలాగే ఉంది.  ఫో అనే ఒక్క మాట శిరోమణి నాలుక చివర దాకా వచ్చి ఆగిపోయింది. మొగుడు తనవాడు కాకపోయినా ఒక అడుగు వెనక్కి వేసింది. హైమావతి తాళాలు పిడికిట్లో బిగించి, ఆయన్ని చూడకుండా వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది. "నేనే తోలుతానండీ," అంది. ఆ మాట సగమే వినిపించింది. ఆయన చాచిన చెయ్యి దించి, పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. తలుపు వేసిన చప్పుడు కూడా చిన్నదే. ఆయన ఆమె వైపు వంగి ఏదో చెబుతుండటం అద్దంలోంచి కనిపించింది.

కారు కదిలింది. బ్రేకు తొక్కితే వెలిగే వెనక ఎర్ర లైట్లు వెలగలేదు. ఫ్యాక్టరీల గోడ వెంబడి దూరం అవుతోంది. ఇంకా వెలగలేదు. మలుపు దగ్గర రెండూ భగ్గుమన్నాయి.

శిరోమణి రాహేలమ్మ భుజం పట్టుకుంది. "టీచరమ్మా! మళ్ళీ కాలు పెట్టేసింది!"

"మలుపులో ఎవరైనా బ్రేకు వేస్తారే," అంది రాహేలమ్మ కళ్ళు తిప్పకుండా. "దాటాక ఆరతాయో లేదో చూడు."