పొగ తలుపు

ఎంత చిన్న ప్రశ్న అడిగినా ఫకీరప్ప మేస్త్రి ముందు ఇంజను ఆపించేవాడు. మోగుతున్న ఇంజను పక్కన నిలబడి మాట్లాడితే మనిషి మాటా వినపడదు, ఇంజను మాటా వినపడదు, రెంటికీ చెడ్డ రేవడి అవుతామనేవాడు. పోనీ, ఇంజను ఆగాక జవాబు వస్తుందా అంటే ఆ భరోసా లేదు. కాసేపు కళ్ళు మూసుకుని, తల పంకించి, మళ్ళీ స్టార్ట్ చేయమనేవాడు. జవాబు ఆ సాయంత్రం రావచ్చు, మరుసటి నెల రావచ్చు, అసలు మాటగా కాక పనిగా రావచ్చు. ఈ పద్ధతికి విసిగి ఆదోనిలోని ఆయన షెడ్డు నుంచి శిష్యులు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి మిగిలినవాడు సుంకన్న. చేతిలో పనితనం ఉన్నవాడు, గురువంటే ప్రాణం పెట్టేవాడు. కాకపోతే తన తప్పును తన నోటితో ఒప్పుకోవడమంటే వాడికి చచ్చేంత బాధ. బోల్టు మర చెడితే ఇనుమును తిట్టేవాడు గాని తన చేతిని ఏనాడూ ఒక్క మాట అనలేదు.

లారీల పని మధ్య ఆ షెడ్డులో ఒక పందెం కారు కూడా ఉండేది. మలుపు లేని దారిలో రెండు కార్లు పక్కపక్కనే నిలబడి, దీపం వెలగగానే బయలుదేరి, పావు మైలు దూరంలోని గీత ఎవరు ముందు దాటితే వారే గెలిచినట్టు. డ్రాగ్ రేసు అంటారు దాన్ని. మొత్తం పది పన్నెండు సెకన్ల భాగోతం, దానికోసం ఏడాది పొడుగునా చాకిరీ. కారు తోలేది మేస్త్రి కూతురు హంపమ్మ. పెళ్ళయి పిల్లలున్నా స్టీరింగు వదల్లేదు, వదలమని చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

కారుకు టర్బో ఉంది. ఇంజను వదిలే పొగ పోతూ పోతూ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు అవతలి కొసన ఉన్న మరో చక్రం దానితో పాటు తిరిగి, బయటి గాలిని ఇంజనులోకి కుక్కుతుంది. గాలి పెరిగితే మంట పెరుగుతుంది, మంట పెరిగితే పొగ, పొగ పెరిగితే మళ్ళీ గాలి. తినేకొద్దీ పెరిగే ఆకలి అది. దానికి హద్దు పెట్టడానికి పొగ పోయే దారిలో ఒక పక్క తలుపు పెడతారు. వేస్ట్‌గేట్ అని దాని పేరు. షెడ్డులో మాత్రం పొగ తలుపనే అనేవారు. మామూలుగా దాన్ని ఒక స్ప్రింగు మూసి ఉంచుతుంది. ఇంజనులోకి పోయే గాలి నుంచి ఒక సన్నటి రబ్బరు గొట్టం తలుపు దగ్గరికి వస్తుంది. లోపలి ఒత్తిడి స్ప్రింగు బలాన్ని మించిందంటే, ఆ గొట్టంలోంచి వచ్చిన గాలే తలుపును పైకెత్తుతుంది. అప్పుడు మిగులు పొగ చక్రం జోలికి పోకుండా పక్కనుంచి బయటపడుతుంది. పందెం కార్లలో ఇంకొక ఏర్పాటు కూడా ఉంది. చిన్న సిలిండరులోని గ్యాసు తలుపును పైనుంచి నొక్కిపట్టి ఉంచుతుంది. బయలుదేరేటప్పుడు ఆ నొక్కుడు తక్కువ, కారు ఊపందుకున్నాక ఎక్కువ. మొదట్లోనే బలమంతా ఇచ్చేస్తే టైర్లు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి తప్ప కారు ముందుకు కదలదు.

పందేనికి ముందు రోజు ఈ తలుపును బిగించి, ఇంజను మోగించి చూస్తూ సుంకన్న అడిగాడు. "మేస్త్రీ, నాకిది ఎప్పటికీ అర్థం కాలేదు. పెట్రోలు మనదే, మంట మనదే. ఇంత తంటాలు పడి పుట్టించిన బలాన్ని మనమే తలుపు తీసి బయటికి తోలేయడమేంది? ఉన్నదంతా లోపలే పట్టుకున్నోడు గదా మొనగాడు!"

మేస్త్రి ఇంజను ఆపమని సైగ చేశాడు. కళ్ళు మూసుకున్నాడు. జవాబు మాత్రం హంపమ్మ చెప్పింది. "చెరువుకు అలుగు ఎందుకుంటాదో ఇదీ అందుకే అన్నా. లేకుంటే కట్ట తెగుతాది."

"అలుగు పారితే కింద మళ్ళు పండుతాయమ్మా. ఈ పొగ పారితే ఏం పండుతాది?" అన్నాడు సుంకన్న.

ఆ మాటకు మేస్త్రి కళ్ళు తెరిచి నవ్వాడు. మంచి ప్రశ్నేనన్నట్టు తల పంకించి, స్టార్ట్ చేయమన్నాడు. అంతటితో ఆ రోజు సంభాషణ ముగిసింది.

పందెం జరిగేది ఎప్పుడో యుద్ధకాలంలో వేసి వదిలేసిన ఒక విమానాల రన్‌వే మీద. చుట్టూ రాళ్ళ గుట్టలు, మధ్యలో ఎండకు కాలే సిమెంటు. ఆఖరి పోటీ ఆదోని కారుకూ బళ్ళారి కారుకూ మధ్య వచ్చింది. మూడు పరుగుల్లో రెండు గెలవాలి. మొదటిది బళ్ళారి వాళ్ళు కొట్టారు, రెండోది హంపమ్మ కొట్టింది. మూడోదానికి ముందు భోజనాల విరామం ఇచ్చారు. బళ్ళారి జట్టులోని ఒకాయన అటుగా పోతూ, "మీ బండిది పొగ ఎక్కువ, పరుగు తక్కువ. ఆదోని పత్తి మిల్లు మాదిరి ఉండాదప్పా" అని పోయాడు. హంపమ్మ పగలబడి నవ్వి, జొన్నరొట్టె మూట తీసుకుని తండ్రితో పాటు టెంటు నీడకు వెళ్ళింది. సుంకన్నకు నవ్వు రాలేదు. ఆ మాట తన గురువు ముఖం మీద ఉమ్మినట్టే అనిపించింది. ఆకలి లేదని చెప్పి కారు దగ్గరే ఉండిపోయాడు.

మనిషి తప్పు చేసేటప్పుడు ఒంటరిగా ఉండడు. వాడి పక్కన వాడి మంచి ఉద్దేశం ఎప్పుడూ కూర్చునే ఉంటుంది. గురువు పరువు కోసమే చేస్తున్నానని సుంకన్న మనస్ఫూర్తిగా నమ్మాడు. సామాన్ల డబ్బాలో సైకిలు ఇరుసులో వేసే చిన్న ఉక్కు గుండు ఒకటి దొరికింది. బాల్సు అంటారు దాన్ని. రబ్బరు గొట్టాన్ని ఒక కొసన ఊడదీసి, ఆ బాల్సును లోపలికి తోసి, మళ్ళీ క్లిప్పు బిగించాడు. పైకి చూస్తే గొట్టం గొట్టంలాగే ఉంది. కాని ఇక తలుపుకు గాలి కబురు అందదు. లోపల ఒత్తిడి ఎంత పెరిగినా అది తెరుచుకోదు. ఇలా తలుపు మూసిన ఒక కారు ఇంజను కిందటేడు ఇదే రన్‌వే మీద పగిలి, నూనె అంటుకుని, తోలేవాడి చేతులు రెండూ కాలిపోయాయి. ఆ మంట ఆర్పినవాళ్ళలో సుంకన్న కూడా ఉన్నాడు. అయినా, ఒక్క పరుగుకు ఏం కాదులే అనుకున్నాడు.

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. బండి మీద ఆఖరి చేయి ఎవరిదో, తోలేవారికి బెల్టులు బిగించే చేయి కూడా వారిదే కావాలి. విరామం అయ్యాక హంపమ్మ వచ్చి సీట్లో కూర్చుంది. సుంకన్న ఆమె భుజాల మీదుగా బెల్టులు లాగి బిగించాడు. బిగించి, రోజూలాగే "జాగ్రత్తమ్మా" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు మాత్రం తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

టైర్లు వేడెక్కడానికి హంపమ్మ ఇంజనును గట్టిగా తొక్కింది. మామూలుగా అలా తొక్కినప్పుడు బానెట్ పక్కనున్న పొట్టి గొట్టంలోంచి పొగ తలుపు ఒకసారి తుమ్ముతుంది. మిగతా హోరులో ఆ తుమ్ము ఎవరి చెవికీ ఆనదు. ఈసారి తుమ్మలేదు. ఆ సంగతి రన్‌వే మీదున్న అంత జనంలో ఇద్దరికే తెలిసింది. ఒకరు సుంకన్న. రెండోవాడు చేయెత్తి ఇంజను ఆపించాడు.

మేస్త్రి బానెట్ ఎత్తలేదు. సుంకన్న వైపు తిరిగి, మామూలు గొంతుతోనే అడిగాడు. "ఈ బండి గురించి నేను తెలుసుకోవాల్సింది ఏమన్నా ఉండాదా సుంకన్నా?"

"ఏమీ లేదు మేస్త్రీ. అంతా సరిగ్గానే ఉండాది."

మేస్త్రి ఆ మాటను కాసేపు విన్నాడు. తర్వాత కూతురితో, "దిగు హంపమ్మా. ఈ పరుగు నేను తోల్తా" అన్నాడు.

"నువ్వా? మోకాలు వంగదు గదా నాయనా!" అంది హంపమ్మ. రెండో డ్రైవరుగా ఆయన పేరు ఎప్పుడూ రాయించే ఉండేది గాని, ఆయన సీట్లో కూర్చుని ఏళ్ళు గడిచాయి. అయినా తండ్రి ముఖం చూసి ఆమె ఇంకేమీ అడగకుండా దిగి హెల్మెట్టు ఇచ్చేసింది. మేస్త్రి మోకాలిని చేత్తో పట్టుకుని లోపల పెట్టుకున్నాడు. కూర్చుని, చేతులు పక్కకు జరిపి, "బిగించు" అన్నాడు.

సుంకన్న తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. గురువుకు తెలిసిపోయిందని ఒక క్షణం అనిపించింది. తెలిస్తే కారెందుకు ఎక్కుతాడు, తెలియలేదని మరుక్షణం అనిపించింది. వంగి బెల్టులు అందుకున్నాడు. ఆ ముసలి రొమ్ము నిదానంగా లేచి పడుతుండటం వాడి వేళ్ళకు తగిలింది. చెప్పేద్దామని నోరు తెరిచాడు. చుట్టూ బళ్ళారి వాళ్ళున్నారు, హంపమ్మ ఉంది, తన పనితనాన్ని మెచ్చుకున్న నలుగురూ ఉన్నారు. నోరు మూసుకుని క్లిప్పు నొక్కాడు. టక్కుమని పడింది.

కారు దీపాల స్తంభం వైపు మెల్లగా కదిలింది. సుంకన్న అక్కడే నిలబడిపోయాడు. పొట్టలోంచి ఏదో పైకెగదన్నుతూ ఉంది, గొంతు దగ్గర ఆగిపోతూ ఉంది. ఊపిరి లోపలికి పోతోంది గాని బయటికి రావడం లేదు. రెండు కార్లూ గీత మీదికి వచ్చాయి. పై దీపం వెలిగింది. మేస్త్రి ఇంజనును తొక్కి పట్టాడు. ఆ హోరు పెరిగింది, పెరిగింది, ఇక ఆగేలా లేదు. పొట్టి గొట్టం తుమ్మలేదు.

సుంకన్న పరుగెత్తాడు. జెండా మనిషి అరిచినా, వాలంటీరు చొక్కా పట్టుకున్నా ఆగకుండా పోయి, కారు ముందు నిలబడి రెండు చేతులూ బానెట్ మీద ఆనించాడు. అప్పటికే దీపం పచ్చగా మారింది. బళ్ళారి కారు ఒంటరిగా దూసుకుపోయి, ఒంటరిగా గెలిచింది. సుంకన్న ఏదో అరుస్తున్నాడు, ఒక్క ముక్కా వినపడటం లేదు. మేస్త్రి ఇంజను ఆపేశాడు. అంతటి రన్‌వే ఒక్కసారిగా మూగబోయింది. ఇప్పుడు ఏం చెప్పినా అందరికీ వినపడుతుంది.

"తలుపు మూసినా మేస్త్రీ" అన్నాడు సుంకన్న. "గొట్టంలో బాల్సు ఏసినా. హంపమ్మకు బెల్టులు కట్టకముందే ఏసినా. నేనే ఏసినా."

ఎవరో నవ్వారు. ఎవరో తిట్టారు. హంపమ్మ దగ్గరికి వచ్చి వాడి ముఖంలోకి చూసింది. "జాగ్రత్తమ్మా అని గూడా చెప్పినావు గదన్నా" అంది. కొట్టి ఉంటే బాగుండేదనుకున్నాడు సుంకన్న. ఆమె కొట్టలేదు. పక్కకు పోయి, టైర్ల కుప్ప మీద కూర్చుని ఏడ్చింది. వాడికీ కన్నీళ్ళు ఆగలేదు. సిగ్గుతో తల నేలలోకి దిగిపోతున్నా, ఎందుకో గాని ఊపిరి ఒకసారి పొడుగ్గా బయటికి వచ్చింది.

కారును నలుగురూ తోసుకుంటూ టెంటు దగ్గరికి తెచ్చాక, సుంకన్నే మేస్త్రి బెల్టులు విప్పాడు. 

"నీకు తెలుసు గదా మేస్త్రీ. తలుపు తుమ్మలేదని విన్నావు గదా" అన్నాడు.

"విన్నా."

"నేను చెప్పకపోయింటే తోలేవాడివా?"

మేస్త్రి హెల్మెట్టు తీసి ఒడిలో పెట్టుకున్నాడు. నెరిసిన జుట్టు చెమటకు నుదుటికి అంటుకుపోయి ఉంది. "తోలేవాణ్ణి" అన్నాడు.

సుంకన్న కారు తలుపు పట్టుకున్నాడు. "అట్లెందుకు మేస్త్రీ? ఒక్క నిమిషం పని. బానెట్ ఎత్తి, గొట్టం ఊడదీసి, నువ్వే తీసి పారేసింటే సరిపోయుండు. పందెం గూడా మనమే గెలిచుందుము."

మేస్త్రి మోకాలిని చేత్తో పట్టుకుని బయటికి పెట్టుకుంటూ, శిష్యుడి భుజం ఆసరా చేసుకుని లేచాడు.

"ఇరుక్కున్నది గొట్టంలో ఒక్కచోటే అయితే, నేనే తీసేవాణ్ణి సుంకన్నా."