కొంగపిల్లల మట్టిచొక్కా

ఒకప్పుడు, రంగులన్నీ పుట్టుకతోనే వచ్చేసే రోజుల్లో, రంగుల కొంగపిల్లలు అచ్చం అమ్మానాన్నల్లాగే ఉండేవి. పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ ఈకలు, ఛాతీ మీద నల్లపట్టీ, అబ్బో ఏం సోకు! నెల తిరిగేసరికి ఎత్తూ సమానమే. ఏది పిల్లో, ఏది పెద్దో చెప్పండి చూద్దాం? కొంగలే చెప్పలేకపోయేవి!

చెరువుగట్టు చింతచెట్టు మీద గవిరయ్య కొంగ, నూకాలు కొంగ కాపురం. ఒక్కగానొక్క కూతురు బుడ్డి. ఇంకా ఎగరడం రాదు. పక్క కొమ్మ మీద దాలినాయుడని ఒక బద్ధకస్తుడు. చెరువులో దిగితే కాళ్లు తడుస్తాయట! కొంగ అనే మాటే గానీ, ఇదేం కొంగండీ?

ఒకసారి నూకాలు పుట్టింటికి వెళ్లింది. దాలినాయుడికి పండగే పండగ. గవిరయ్య చేపలు తెచ్చే వేళకి గూట్లో దూరి, రెక్కలు టపటపలాడించి, "నాన్నా, ఆకలీ!" అని నోరు తెరిచాడు.

"గొంతు బొంగురుపోయిందేటే?"

"జలుబు నాన్నా!"

"అయ్యో నా తల్లీ!" అని చేపలన్నీ ఆ నోట్లో కుమ్మరించాడు గవిరయ్య. బుడ్డి "నాన్నా, నేను!" అని అరిస్తే, "దొంగమొహమా, మా గూట్లోకొస్తావా?" అని గవిరయ్య ఆ పిల్లనే ముక్కుతో ఒక్కటి పొడిచాడు.

మూడు రోజులు ఇదే వరస. బుడ్డి మెడ వాలిపోయింది. కళ్లు మూతలు పడుతున్నాయి.

నాలుగో రోజు నూకాలు వచ్చి చూసి, రెక్కలతో గుండెలు బాదుకుంది. "ఓలమ్మో! కన్నబిడ్డ మాడి చస్తంటే ఎవడి నోట్లో పోస్తన్నావయ్యా?"

"పిల్ల నోట్లోనే కదే!"

అప్పుడే దాలినాయుడు "బ్రేవ్"మని త్రేన్చాడు. ఇంక చూస్కోండి, నూకాలు వాణ్ణి పొడిచిన పొడుపుకి చెట్టంతా ఈకలే!

గవిరయ్య ఏడ్చేశాడు. "నా బిడ్డని నేనే పొడిచానే! రేపైనా ఎలా పోల్చుకోనే?"

నూకాలు ఒక్క దూకున చెరువులో పడి, ముక్కునిండా బురద తెచ్చి బుడ్డికి తల నుంచి తోక దాకా పూసేసింది.

"ఛీ! నా గులాబీ ఈకలూ!" అని బుడ్డి రాగం తీసింది.

"ఊరుకోవే! చేప పట్టడం వచ్చిందాకా ఇదే నీ చొక్కా!"

మర్నాడు గవిరయ్య తడుముకోలేదు. చేపలన్నీ మట్టిముక్కు నోట్లోనే! దాలినాయుడు కూడా బురద పూసుకోవచ్చు కదా అంటారా? బురద కోసం చెరువులో దిగాలి కదర్రా!

అది చూసి చెట్టు మీద తల్లులందరూ తమ పిల్లలకి బురద పూశారు.

అప్పటినుంచే కొంగపిల్లలకి మట్టిరంగు ఈకలే మొలుస్తాయి. సొంతంగా బతకడం వచ్చాకే గులాబీ రంగు తొడుగుతాయి. మాసిన కొంగపిల్ల కనిపిస్తే మురికిదని నవ్వకండి. దానికోసం చేప పట్టుకుని ఎవరో ఎగిరొస్తూ ఉంటారు.