ఉప్పు లేని పూట

వంకమెట్టలో సిద్దరాముడికి శత్రువంటూ ఉన్నది ఒక్కటే. అది సుంకన్న నాలుక.

తక్కిన ఊరంతా అతన్ని మెచ్చుకునేది. మెచ్చుకోవడానికి వంకమెట్ట ఎప్పుడూ వెనకాడదు, దానికి ఖర్చు లేదు కాబట్టి. ఆరేళ్ళుగా కాశీంతాత దగ్గర శిష్యుడిగా ఉంటూ, రోజూ మధ్యాహ్నం నూటయాభై మందికి వండి వడ్డించే మనిషి సిద్దరాముడు. విస్తరి దగ్గర వంగి "ఎట్లుందప్పా?" అంటే చాలు, "అమృతం" అనేవారు. సుంకన్న మాత్రం ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు నమిలి, "ఉప్పు ఎక్కువైంది" అనేవాడు.

సుంకన్న ఒకప్పుడు పశువుల సంతలో దళారి. నలభై ఏళ్ళు ఎద్దుల పళ్ళు చూసి, గిట్టలు తట్టి, లోపాలు చెప్పి బతికాడు. చూపు మందగించాక బేరాలు పోయాయి, లోపాలు చెప్పడం మిగిలింది. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు నడక చూసి కుడికాలు బరువన్నాడు. అప్పట్నుంచి అతన్ని ఎవరూ పెళ్ళిళ్ళకు పిలవలేదు. ఆ పెళ్ళికొడుక్కి కుడికాలు బరువే, ఆ సంగతి వేరు.

ఇక కాశీంతాత. దూదేకే విల్లును చూరులో చెక్కేసి, ఒక పీరుగారిని సేవించుకుని, ఆయన పోయాక సంత దారిలో ఈ వంటిల్లు పెట్టాడు. ధర అంటూ లేదు. గుమ్మం పక్కన పాత రోలు ఒకటి ఉంది. తిన్నవాళ్ళు పోయేటప్పుడు తోచింది అందులో వేస్తారు. రూపాయి కావచ్చు, రెండు వంకాయలు కావచ్చు, గుప్పెడు చింతపండు కావచ్చు. ఏమీ లేనివాళ్ళు నాలుగు కట్టెలు చీల్చి పోతారు. అదీ చేతకానివాళ్ళు ఊరికే పోతారు. ఎవరేం వేశారో ఎవరూ చూడరని ఊరంతా చెప్తుంది. ఎవరేం వేశారో కూడా ఊరంతా చెప్తుంది.

తాత దాన్ని హోటలనేవాడు. గుమ్మం మీద రేకు బోర్డుకు ఆయన రాయించిన మాట అదొక్కటే.

మొన్న ఉగాదికి సిద్దరాముడికి ఆ మాట చిన్నదిగా తోచింది. ఇంత పుణ్యకార్యానికి టీ బంకు పేరేమిటనుకున్నాడు. బోర్డు విప్పి, వెనకవైపు 'నిత్యాన్నదాన సత్రం' అని ఎర్రరంగుతో రాయించి, తిప్పి తగిలించాడు. దానమన్నాక నియమం ఉండాలని, ఆ రోజు నుంచి వంట రుచి చూడటం కూడా మానేశాడు. ఎంగిలి పడ్డ అన్నం దానానికి పనికిరాదని అతని నమ్మకం.

తాత బోర్డు వైపు చూశాడు. పొయ్యిలో కట్టె ఎగదోసుకున్నాడు.

పీరుగారి ఉరుసు దాటాక తాత పొయ్యి దగ్గర్నుంచి తప్పుకుంటాడని ఊళ్ళో అనుకుంటున్నారు. ఆయన ఇత్తడి గరిటె ఎవరి చేతికొస్తే వంటిల్లు వాళ్ళది. అది తన చేతికే రావాలని సిద్దరాముడి ఆశ. రాత్రి నిద్రలో కూడా అతని కుడిచెయ్యి గరిటె పట్టినట్టే ముడుచుకుని ఉంటుందని అతని పెళ్ళాం పొరుగమ్మకు చెప్పింది. పొరుగమ్మ ఎవరికీ చెప్పనంది.

ఇట్లాంటి రోజుల్లో పట్నం నుంచి బియ్యం వ్యాపారి ఒకాయన పది బస్తాలు తెచ్చి ఇచ్చాడు. బంతిలో అందరితోపాటు కూర్చున్నాడు, ఫొటో తీసేవాణ్ణి ఎదురుగా నిలబెట్టుకుని. సిద్దరాముడు వంగి ఎట్లుందని అడిగేలోపే పక్క విస్తరి నుంచి సుంకన్న గొంతు వచ్చింది.

"ఈ పప్పు సంతలో ఎద్దుకు పెట్టింటే, ఎద్దు నన్ను అమ్మేసి పోయేది."

వ్యాపారి నవ్వాడు. ఫొటో తీసేవాడు నవ్వాడు. సిద్దరాముడి చెవులు కాలాయి.

"ఏం మామా, ఆ రోలులో ఏనాడన్నా ఒక గింజ వేసినావా? ఊరికే తినే నోటికి రుచులు గూడానా?" అని, సుంకన్న ముందున్న విస్తరిని అన్నంతో సహా ఎత్తేశాడు.

సుంకన్న కాసేపు ఖాళీ నేల వైపు చూశాడు. తర్వాత లేచి, బకెట్లో చెయ్యి కడుక్కుని, గోడ పట్టుకుని వెళ్ళిపోయాడు. బంతిలో తలలన్నీ విస్తళ్ళ మీదికి వంగాయి. ఆ పూట ఎవరూ మారు వడ్డన అడగలేదు. జనానికి ఇప్పటికి క్రమశిక్షణ వచ్చిందని సిద్దరాముడు సంతోషించాడు.

సాయంత్రం తాత కందిపప్పులో రాళ్ళు ఏరుతుంటే ఎదురుగా కూర్చుని జరిగిందంతా చెప్పాడు. పది బస్తాల సంగతి రెండుసార్లు చెప్పాడు. చివరికి అడిగాడు.

"నేను చేసింది తప్పా తాతా?"

తాత ఒక రాయి ఏరి పక్కన పెట్టాడు. "రేపు నేను వండుతా. నువ్వు వడ్డించి, ఒక్కొక్కర్నే అడుగు."

"ఏమని?"

"ఎట్లుందని. రోజూ అడుగుతావు గదా."

మర్నాడు తాత వండాడు. సిద్దరాముడు వడ్డించి, మొదటి విస్తరి నుంచి అడుగుతూ వచ్చాడు. వీరభద్రప్ప మాస్టరు ముప్పై నాలుగేళ్ళు నల్లబల్ల మీద 'సత్యమునే పలుకవలెను' అని రాసి పింఛను తీసుకుంటున్న మనిషి. ఆయన ముద్ద మింగి, నీళ్ళు తాగి, "అమృతం" అన్నాడు. టైలరు ఖాజా అమృతమే అన్నాడు. సంతలో వాడిపోయిన ఆకుకూరలు ఏరి అమ్ముకునే ఈరమ్మ తల ఎత్తకుండానే, "దేవుడి ప్రసాదం నాయనా" అంది. నూటయాభై మందీ తిన్నారు. నూటయాభై మందీ మెచ్చుకున్నారు. ఏ విస్తరిలోనూ మెతుకు మిగల్లేదు.

సుంకన్న చోటు ఖాళీగానే ఉంది.

అందరూ వెళ్ళాక గురువూ శిష్యుడూ విస్తళ్ళు వేసుకున్నారు. సిద్దరాముడు పప్పు కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆగాడు. చారు నాలుకకు తగిలించి చూశాడు. అదీ అంతే.

"తాతా, ఉప్పు మరిచినావు."

"మరవలేదు."

"మరి ఇంతమందిలో ఒక్కరన్నా చెప్పలేదే."

తాత మజ్జిగ పోసుకున్నాడు. "మొన్నటిదాకా చెప్పినోడు యాడికి పోయినాడో, అందరూ చూసినారు గదా."

సిద్దరాముడు ఆ చప్పటి ముద్ద మింగాడు. ఉగాది నుంచి తను వండినవి ఎట్లా ఉన్నాయో గుర్తుచేసుకోబోయాడు. ఒక్కటీ గుర్తుకు రాలేదు. రుచి చూసి ఉంటే కదా.

సాయంత్రానికల్లా ఊరంతా ఉప్పు సంగతే. మాస్టరు మూడు అంగళ్ళ దగ్గర ఆగి మూడుచోట్లా చెప్పాడు. ఖాజా ఇంటికి పోగానే ఊరగాయ జాడీలో వేలు పెట్టాడని వాళ్ళావిడ చెప్పింది. చెప్పాల్సిన మనిషికి తప్ప అందరికీ అందరూ చెప్పారు.

సిద్దరాముడు పశువుల సంత రేకుల కింద సుంకన్నను వెతికి పట్టుకున్నాడు. ముసలాయన ఒళ్ళో బొరుగుల పొట్లం ఉంది. నిన్నటి నుంచి అదే తిండి. దారి పొడుగునా ఎన్నో మాటలు కూర్చుకున్న సిద్దరాముడు రేపు భోజనానికి రమ్మన్నాడు, అంతే.

సుంకన్న బొరుగులు నములుతూ, అమ్మకానికొచ్చిన ఎద్దును చూసినట్టు అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"ఉప్పు వేస్తావా?"

"వేస్తా మామా."

"సరిపోయిందా లేదా నేను చెప్పొచ్చునా?"

సిద్దరాముడు నేల చూపులు చూశాడు. "చెప్పు మామా."

మర్నాడు సిద్దరాముడు వండాడు. నియమం పక్కన పెట్టి, పప్పులో ఉప్పు మూడుసార్లు రుచి చూశాడు. ఆ ధ్యాసలో పొయ్యి కింద మంట చూడలేదు.

సుంకన్న తన చోట కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. బంతి మొత్తం చేతులు ఆపింది.

"ఉప్పు సరిపోయింది," అన్నాడు. సిద్దరాముడు ఊపిరి వదిలాడు. "అడుగంటింది. మాడు వాసన."

అందరూ సిద్దరాముడి చేతుల వైపు చూస్తున్నారు, విస్తరి మీదికి పోతాయేమోనని. అతను గిన్నె అడుగు నుంచి కాస్త పప్పు తీసి నాలుక మీద వేసుకున్నాడు.

"అవును మామా. మాడింది."

అప్పుడు, ఎవరూ అడగకుండానే, ఈరమ్మ తల ఎత్తింది. "పులుపు గూడా జాస్తి నాయనా. ఉగాది నుంచీ ఇంతే." ఒక క్షణం ఆగి విస్తరి ముందుకు జరిపింది. "ఇంకొంచెం అన్నం వెయ్యి."

ఇక బంతి ఆగలేదు. ఖాజా బియ్యం సరిగ్గా ఉడకడం లేదన్నాడు. ఇంకెవరో మజ్జిగలో నీళ్ళే ఉన్నాయన్నారు. మాస్టరు పదకొండు లోపాలు చెప్పాడు, వరసన, అంకెలతో సహా. అన్నాళ్ళూ ఆయన వాటిని ఎక్కడ దాచుకున్నాడో తెలియదు. సిద్దరాముడు ఈరమ్మకు అన్నం వేసి, నిలబడి అన్నీ విన్నాడు.

బంతి చివర కూర్చున్న కాశీంతాత తినడం ముగించి చెయ్యి కడుక్కున్నాడు. ఇత్తడి గరిటెను తుండుగుడ్డతో తుడిచి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"ముందు పోయి బోర్డు తిప్పు."

సిద్దరాముడు నిచ్చెన కోసం పెరట్లోకి నడిచాడు. వెనకాల సుంకన్న చారు సంగతి మొదలుపెట్టాడు.