తప్పుడు నగారా

ఒకానొక కొండరాజ్యంలో కబుర్లు మోసేవి కొండల మీది నగారాలే. వాటిని మోగించేవాళ్లందరికీ పెద్ద పైడితల్లి. ఓ మధ్యాహ్నం వాళ్లలో అప్పలకొండ అనే కుర్రాడు, పశువుల మంద లేపిన దుమ్ము చూసి, శత్రువులొస్తున్నారని నగారా మోగించేశాడు. రాజుగారు వెళ్లి గాదెలో దాక్కున్నారు.

"వీణ్ణి ఈ క్షణమే కొలువులోంచి తీసెయ్యాలి!" అది తప్పుడు నగారా అని తేలాక సభలో మంత్రి మండిపడ్డాడు.

అప్పలకొండ భుజం మీద పైడితల్లి చెయ్యి వేసింది. "తప్పు వీడిదని తమకెవరు చెప్పారు ప్రభూ?"

"వాడే పరుగెత్తుకొచ్చి చెప్పాడు," అన్నాడు రాజు.

"చెప్పినవాణ్ణి పంపేస్తే ఇక నా దగ్గర మిగిలేది చెప్పనివాళ్లే. వాళ్లని నమ్మి తమరు నిద్రపోగలరా?"

రాజు మెత్తబడ్డాడు. "సరేలే, పోయి నీ కొండెక్కరా."

అప్పలకొండ కళ్లొత్తుకున్నాడు. మంత్రి మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ... మొన్న కోట తలుపు తెల్లారేదాకా తెరిచే ఉందే... మూయించడం మరిచింది నేనే."