కొత్త కాగులో నీళ్లు

"పుల్లా పుల్లా పొయ్యిలో దూరు, నీళ్లకు చెప్పవె నిప్పుల ఊసు..." ఆపైన చిన్నప్పటి పాట గుర్తురాక, గవరమ్మ కూనిరాగం తీస్తూనే చిల్లుపడిన నీళ్లకాగును పీకేసి, కొత్త రాగికాగును తనే పొయ్యిమీద కూర్చోబెట్టి చుట్టూ మట్టి మెత్తింది. ఇంట్లో కూతురు పచ్చి బాలింత మరి, వేణ్నీళ్లు లేకపోతే ఎలా?

మర్నాడు నీళ్లు మరుగుతుండగా ఠాణేదారు భుజంగయ్య ఊరివాళ్లను వెంటేసుకుని వచ్చాడు. ఆ రాజ్యంలో కాగులు బిగించే హక్కు ఆయన బావమరిది ఒక్కడిదే.

"ఏమే, నువ్వు బిగిస్తే నీళ్లు కాగుతాయా? కాగని కాగును జప్తు చెయ్యమని రాజుగారి ఆజ్ఞ."

"వేలు పెట్టి చూడండి బాబూ."

"చూడక్కర్లేదు. అవి చన్నీళ్లే. నా మాటే తీర్పు."

ఆయన ఒంటిమీది దారిదుమ్ము కంటబడగానే గవరమ్మ పీట వాల్చింది.

"తీర్పిచ్చాక నేనెంత? ఎండనపడి వచ్చారు. ఆ చన్నీళ్లే నెత్తిన పోస్తాను, కూర్చోండి."

వద్దంటే నీళ్లు కాగాయని ఒప్పుకున్నట్టే. ఠాణేదారు తలపాగా తీసి బిగుసుకుని కూర్చున్నాడు. గవరమ్మ కాగులో చెంబు ముంచి ఎత్తింది. ఆవిరి చెవులకు తగలగానే ఆయన గొంతు తగ్గించాడు.

"కాగు నువ్వే ఉంచుకో గానీ, ముందు కాస్త చన్నీళ్లు కలుపు తల్లీ."