కార్డు అడిగే తలుపు

పరాంకుశం మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, చెప్పులేసుకుంటారు. ఉద్యోగమంతా గ్రంథాలయాలు నడిపి, ఎందరికో ఆ పని నేర్పిన మనిషి. ఆయన దగ్గరే నేర్చుకుని, ఈమధ్యే పట్టణ గ్రంథాలయానికి అధికారిగా వచ్చిన వకుళ ఒక పొద్దున ఆయన గుమ్మంలో నిలబడి అడిగింది.

"మాస్టారూ, గ్రంథాలయం తలుపుకి పైవాళ్ళు యంత్రం బిగించారు. కార్డు చూపిస్తేనే తెరుచుకుంటుంది. చిరునామా రుజువు లేనివాళ్ళకి కార్డు ఇవ్వరట. రోజూ వచ్చేవాళ్ళలో సగం మంది బయటే ఉండిపోయారు. కార్డులేని మనిషి లోపల కనబడితే నా ఉద్యోగం ఊడుతుందన్నారు. కాదంటే పాతకాలందాన్నని నవ్వుతున్నారు. పేరుకి పెద్దదాన్ని, ఏం చెయ్యమంటారు?"

మాస్టారు చెప్పులేసుకున్నారు. వకుళకి ఒళ్ళు మండింది. అయినా వెంట నడిచింది.

గ్రంథాలయం మెట్ల మీద ఇడ్లీబండి నాంచారమ్మ కూర్చుని ఉంది. పొద్దుటి బేరం ముగించుకుని, చేతులు కడుక్కుని, వారపత్రికలో సీరియల్ చదువుకుపోవడం ఆవిడకి ఏళ్ళనాటి అలవాటు.

"ఆ పిల్ల కోర్టులో ఏం చెప్పిందో ఏమో మేడమ్, నాకు అన్నం సయించట్లేదు. ఒక్క పేజీ చదివి వచ్చేస్తాను" అంది.

వకుళ తల దించుకుంది. పుస్తకాలు కాపాడే తనని ఒక మనిషి పేజీ కోసం బతిమాలడం ఆమెకి చచ్చేంత సిగ్గనిపించింది.

మాస్టారు వకుళ కార్డు పుచ్చుకుని తలుపు తెరిచారు. లోపలికి మాత్రం వెళ్ళలేదు. గడప మీదే నిలబడిపోయారు. గాజు రెక్కలు మూసుకోబోయి, మనిషి అడ్డం తగలగానే వెనక్కి తగ్గాయి. మళ్ళీ వచ్చాయి, మళ్ళీ తగ్గాయి. ఆపైన యంత్రం గీపెట్టడం మొదలుపెట్టింది. పెట్టనీ!

"రా నాంచారమ్మా" అని ఆయన కాస్త పక్కకి ఒదిగారు. ఆవిడ లోపలికి నడిచింది. అది చూసి, గోడవారన నిలబడ్డ తాపీ కూలీలూ ఒక్కొక్కరే కదిలారు.

అంతలో ఆఫీసు గదిలో ఫోను మోగింది. తలుపు గీపెడితే పైవాళ్ళకి తెలిసిపోతుందని వకుళకి తెలుసు.

"మోకాళ్ళు పీకుతున్నాయమ్మాయ్. లోపల కూర్చుని పేపరు చూసుకుంటాను" అంటూ మాస్టారు కార్డు ఆమె చేతిలో పెట్టి కదిలారు. రెక్కలు దగ్గరికి రాసాగాయి. మెట్ల మీద ఇంకా మనుషులున్నారు.

ఫోను మోగుతూనే ఉంది. "మోగనీ!" అని వకుళ గడప మీదికి అడుగేసింది.

రెక్కలు వెనక్కి తగ్గాయి. మాస్టారు వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"మంచి యంత్రమేనమ్మా. మనిషి నిలబడితే మూసుకోదు."